షట్టర్ స్ప్రింగు జోలికి మాత్రం వెళ్ళొద్దు మాస్టారూ

ప్రశ్న: మాది సింగరాయకొండ. నేను రిటైరైన లెక్కల మాస్టారిని, వయసు 64. ఇంటి కింద కారు, స్కూటీ పెట్టుకునే గదికి తొమ్మిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఇనుప షట్టర్ ఉంది. వేయించి పదమూడేళ్ళయింది. ఒకప్పుడు మా ఆవిడ ఒంటి చేత్తో ఎత్తేది. ఈ మధ్య ఎత్తాలంటే నా నడుం పట్టేస్తోంది, దించేటప్పుడు సగం దాటాక చేతిలో ఆగకుండా దభీమని పడుతోంది. కుడి పక్క కాస్త కిందికి వాలి ఉంటోంది. అడుగు పట్టీలు తుప్పు పట్టి పొరలు రాలుతున్నాయి. డాలస్‌లో ఉన్న మా అల్లుడు వాళ్ళ గ్యారేజీ తలుపు స్ప్రింగు తనే మార్చుకున్నాడట, వీడియో చూసి చేస్తే గంట పని అంటున్నాడు. మేస్త్రి లేకుండా నేనే స్ప్రింగు టైటు చేసుకోవచ్చా? లేక మోటారు పెట్టించేస్తే ఈ బాధ పోతుందా? వేసవికి మనవడు వస్తున్నాడు, ఐదేళ్ళ వాడు, అదే టెన్షన్. అన్నట్టు, తుప్పు ఆగాలంటే ఏ రంగు వేయాలో కూడా చెప్పండి.

సమాధానం:

మాస్టారూ, నమస్కారం. ముందు ఆ షట్టర్ వాడటం ఇవాళే ఆపేయండి. స్ప్రింగు మీరు టైటు చేయొద్దు, మోటారు ఇప్పుడే పెట్టించొద్దు. ఎందుకో చెబుతాను, మీ చేత్తో మీరు చేసుకోదగ్గ పనులు కూడా చాలానే ఉన్నాయి, అవీ చెబుతాను.

షట్టర్ ఇప్పుడు దించి ఉంటే అలాగే తాళం వేసి ఉంచండి, స్కూటీ నాలుగు రోజులు వరండాలో పెట్టుకోవచ్చు. కారు లోపల ఇరుక్కుపోయి తీయక తప్పదంటే మాత్రం, బలమైన మనుషులు ఇద్దరు చెరో పక్క నిలబడి సమంగా ఎత్తాలి, పూర్తిగా పైకి వెళ్ళాక రెండు చానళ్ళను, అంటే పట్టీల చివర్లు జారే పక్క గాడులను, ఆనుకుని కింద సరుగుడు బాదులు నిలబెట్టాలి. స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే బాదులుంటాయి చూడండి, ఆ లావువి. మన వైపు సరుగుడుకి కొదవ లేదు కదా, రెండు బాదులు సరైన పొడవుకి కోయించి పెట్టుకుంటే తర్వాత మేస్త్రికి కూడా పనికొస్తాయి. బాదులు గట్టిగా ఆనాయని చూసుకున్నాకే కారు కదపాలి. మనిషి కింద నిలబడి నేను పట్టుకుంటాలే అనే పద్ధతి అస్సలు వద్దు, ఎందుకంటే అక్కడ ఎంత బరువుందో కింద నుంచి చూస్తే తెలియదు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్క వేసే చూద్దాం. తొమ్మిదడుగులు ఇంటూ ఎనిమిదడుగులు, 72 చదరపు అడుగులు, అంటే సుమారు 6.7 చదరపు మీటర్లు. ఇళ్ళ షట్టర్లకి మామూలుగా వాడే 0.9 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకి ఏడు కిలోలు తూగుతుంది. ఆ రేకుని పట్టీలుగా వంచి, ఒకదాన్లో ఒకటి చిక్కుకునేలా అంచులు మడుస్తారు కాబట్టి రేకు ఇంకో మూడో వంతు ఎక్కువే పడుతుంది. అడుగున ఉండే ఇనుప యాంగిల్, తాళాలు కూడా కలిపితే మీ షట్టర్ 60 నుంచి 70 కిలోలు ఉంటుంది. ఇంత బరువుని అమ్మగారు ఇన్నేళ్ళూ ఒంటి చేత్తో ఎత్తారంటే ఎత్తింది ఆమె చెయ్యి ఒక్కటే కాదు, పైన రేకు డబ్బాలో ఉన్న స్ప్రింగులు. ఇప్పుడు అవి నీరసించాయి, ఆ బరువు మీ నడుం మీద పడింది.

లోపల ఏముందో చెబుతాను, మీరు డబ్బా విప్పాల్సిన పని లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక పైపు, దాని మీద గుండ్రటి పుల్లీలు, ఆ పుల్లీల కడుపులో పాతకాలపు గోడగడియారంలో ఉన్నట్టు చుట్టలు చుట్టిన ఉక్కు స్ప్రింగులు. షట్టర్ దిగే కొద్దీ కిందికి వేలాడే బరువు పెరుగుతుంది, సరిగ్గా అదే లెక్కన స్ప్రింగు కూడా బిగుసుకుంటూ పోయి ఆ బరువుని పైకి లాగి పట్టుకుంటుంది. మీరు సగం దాటాక ఆగట్లేదు అన్నారే, దానికి కారణం ఇదే. పై సగంలో వేలాడే బరువు తక్కువ కాబట్టి నీరసపడ్డ స్ప్రింగు కూడా ఎలాగో సర్దుకుంటుంది, సగం దాటాక బరువు దాన్ని మించిపోతుంది, దాంతో దభీమంటుంది. ఇక కుడి పక్క వాలడం చూస్తే అటు వైపు స్ప్రింగు తెగిందేమో, లేదా పట్టు జారిందేమో అని నా అనుమానం. ఎప్పుడైనా రాత్రి పూట పైన టప్‌మని పెద్ద శబ్దం విన్నారేమో గుర్తు చేసుకోండి, స్ప్రింగు తెగితే అలాగే వినిపిస్తుంది. అదే నిజమైతే ఇప్పుడు మొత్తం భారం ఎడమ స్ప్రింగు ఒక్కటే మోస్తోంది. అది ఎప్పుడు వదిలేస్తుందో చెప్పలేం. అందుకే వాడొద్దన్నది.

ఆ పైపు తిరగదు మాస్టారూ, దాని మీద పుల్లీలు మాత్రమే తిరుగుతాయి. పైపుని తిరగనీకుండా పట్టుకునేవి గోడ బ్రాకెట్టు దగ్గర క్లాంపుకి ఉన్న ఒకటి రెండు బోల్టులు. స్ప్రింగు టైటు చేయడమంటే ఆ బోల్టులు వదులు చేసి, పెద్ద పైపు రెంచీతో పైపునే తిప్పి, మళ్ళీ బిగించడం. చెప్పడానికి ఇంతే. కానీ ఆ బోల్టు వదులైన క్షణంలో స్ప్రింగులో ఉన్న బలమంతా ఆ రెంచీ పిడి లోకి వస్తుంది. మా చిన్నాన్నకి ఒంగోలులో కిరాణా కొట్టు ఉండేది. షట్టర్ బరువెక్కిందని ఆదివారం కొట్టు మూసినప్పుడు తనే స్టూలెక్కాడు, ఆ స్టూలు పట్టుకుని నిలబడ్డది నేనే, అప్పుడు నాకు పదిహేనేళ్ళు. షట్టర్ దించి ఉంది, అంటే స్ప్రింగు పూర్తి బిగువులో ఉంది, అది మా ఇద్దరికీ తెలియదు. రెండో బోల్టు వదలగానే రెంచీ గిర్రున తిరిగి ఆయన ముంజేతిని కొట్టింది. రెండు ఎముకలూ విరిగాయి. రెండు ఆపరేషన్లయ్యాయి, అయినా ఆ తర్వాత ఎప్పుడూ ఆయన అరచెయ్యి పూర్తిగా వెల్లకిలా తిప్పలేకపోయాడు, అన్నం ముద్ద నోటికి తీసుకెళ్ళడానికి భుజం ఎత్తాల్సి వచ్చేది. నాకు ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరైనా నేనే స్ప్రింగు బిగించుకుంటా అంటే వద్దు మహానుభావా అని చేతులు పట్టుకుని చెబుతుంటాను, మీకూ అలాగే చెబుతున్నాను.

ఇక మీ అల్లుడుగారి మాట. ఆయన తప్పు చెప్పారని నేననను, ఆయన చూసిన తలుపు వేరు, మీ ఇంటి తలుపు వేరు. అక్కడి గ్యారేజీ తలుపులు ఎక్కువగా నాలుగైదు పెద్ద పలకలుగా ఉంటాయి, చక్రాల మీద పట్టాల్లో నడిచి సీలింగు కిందికి వెళ్ళి పడుకుంటాయి. తలుపు పైన గోడకి అడ్డంగా ఒక ఇరుసు, దాని మీద పొడుగాటి మెలి స్ప్రింగు కళ్ళకి కనిపించేలా ఉంటుంది. దాన్ని తిప్పడానికి దాని చిల్లుల్లో సరిగ్గా పట్టే ఉక్కు కడ్డీలు రెండు విడిగా అమ్ముతారు. ఒక కడ్డీ పట్టుకుని ఉండగా రెండోది పెడుతూ పావు చుట్టు చొప్పున తిప్పుతారు. ఆ కడ్డీల బదులు స్క్రూడ్రైవరు పెట్టి చేతులు, ముఖాలు పగలగొట్టుకున్న వాళ్ళున్నారు, అక్కడ కూడా ఈ పని నేర్చిన వాళ్ళకే వదలమని తయారీదారులు హెచ్చరిక అంటించి మరీ అమ్ముతారు. మామూలుగా ఆ స్ప్రింగులు పదివేల సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి చేసినవి, రోజుకి నాలుగు సార్లు వాడితే ఏడేళ్ళలోపే ఆ లెక్క పూర్తవుతుంది. అల్లుడుగారికి నా మాటగా ఒకటి చెప్పండి. వాళ్ళ మోటారుకి వేలాడే ఎర్ర పిడి తాడు కరెంటు పోయినప్పుడు తలుపుని మోటారు నుంచి విడదీయడానికి, స్ప్రింగు తెగి తలుపు పైన ఉన్నప్పుడు దాన్ని లాగితే తలుపు మొత్తం కింద పడుతుంది. మీ షట్టర్ విషయానికొస్తే చిల్లులూ కడ్డీలూ ఏమీ లేవు, స్ప్రింగు కళ్ళకి కనిపించదు, ఎన్ని చుట్ల బిగువు మీద ఉందో బయటి నుంచి తెలియదు. ఆ వీడియోలో చూసింది ఇక్కడ పనికిరాదు.

కాబట్టి హద్దు ఇలా పెట్టుకుందాం. పైన రేకు డబ్బాలో ఉన్నదీ, బ్రాకెట్టు బోల్టులూ మేస్త్రివి. డబ్బా కింద నుంచి నేల దాకా ఉన్నది మీది.

మేస్త్రిని ఎలా ఎంచుకోవాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వెల్డింగు షాపు వాళ్ళంతా షట్టరు మేస్త్రీలు కారు. గేటు చేసినంత చక్కగా షట్టరు స్ప్రింగు ఎక్కించగలరనుకోవద్దు. సింగరాయకొండలో కుదరకపోతే ఒంగోలు నుంచో కావలి నుంచో షట్టర్లు తయారుచేసే చోటి మనిషినే పిలిపించండి, పెట్రోలు ఖర్చు ఇచ్చినా ఫరవాలేదు. వచ్చినవాడు ఒంటరిగా వస్తే పని మొదలెట్టనీయకండి, ఇది ఇద్దరి పని. మొదట షట్టర్ పూర్తిగా పైకి చుట్టి, కింద బాదులు పెట్టి, చుట్టని తాడుతో కట్టేయాలి. చుట్టుకున్నప్పుడే స్ప్రింగు బిగువు తక్కువగా ఉంటుంది, అయినా కాస్త మిగిలే ఉంటుంది, అందుకని రెండు రెంచీలతో మార్చి మార్చి పట్టుకుంటూ వదులు చేస్తాడు. దించి ఉన్న షట్టర్ మీద నేరుగా బోల్టు వదులు చేయబోతే పని ఆపించి పంపించేయండి, మొహమాటపడొద్దు. స్ప్రింగు ఒకటే పోయినా రెండూ జతగా మార్చమనండి, పదమూడేళ్ళ స్ప్రింగు పక్కన కొత్తది పెడితే షట్టర్ మళ్ళీ ఒక పక్కకే లాగుతుంది. తెగిన స్ప్రింగుని వెల్డింగు పెట్టి అతికిస్తానంటే ఒప్పుకోవద్దు, కాల్చిన చోట ఉక్కు పదును పోతుంది, అక్కడే మళ్ళీ తెగుతుంది. బేరింగులున్న షట్టరైతే వాటినీ అప్పుడే చూడమనండి. బ్రాకెట్టు గోడలో ఎలా దిగి ఉందో కూడా చూడమనాలి, ఇటుక గోడకి మామూలు మేకుల్లాంటి బోల్టులతో వేలాడదీసిన బ్రాకెట్లు నేను కొన్ని చూశాను, అవి ఏళ్ళ తరబడి కదిలి కదిలి వదులవుతాయి.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు మీరే పరీక్షించండి. షట్టర్‌ని నడుం ఎత్తుకి దించి, చేతులు దగ్గరే ఉంచుకుని, మెల్లగా వదలండి, పాదాలు మాత్రం దాని కింద పెట్టొద్దు. ఉన్నచోటే నిలబడాలి, మహా అయితే జానెడు అటూ ఇటూ కదలొచ్చు. జారి పడిపోతే బిగువు చాలలేదు, తన్నుకుని పైకి లేస్తే ఎక్కువైంది, రెండూ తప్పే. ఎక్కువైన బిగువు వల్ల కూడా ప్రమాదముంది, తాళం తీయగానే షట్టర్ ఎగిరి వేళ్ళని డబ్బా లోకి లాక్కుపోతుంది. ఈ పరీక్షని మూడు నెలలకోసారి చేస్తూ ఉండండి, అర నిమిషం పని.

అడుగు పట్టీల తుప్పు సంగతి. పాకల సముద్రం మీకు దగ్గరే, ఆ ఉప్పు గాలి ఇనుముని బతకనివ్వదు. వాన చినుకులు నేలకి కొట్టి పైకి చిమ్మే నీళ్ళు, ఇల్లు కడిగిన నీళ్ళు కూడా అడుగు పట్టీలకే తగులుతాయి. దీనికి చాలామంది చేయించే పని ఏమిటంటే తుప్పు మీద రేకు ముక్క పెట్టి వెల్డింగు చేయించడం. అది వద్దు. తుప్పు లోపల అలాగే ఉంటుంది, పైగా బరువు పెరుగుతుంది. షట్టర్‌కి కిలోలు కలిపినప్పుడల్లా స్ప్రింగు లెక్క తప్పుతుంది, అడుగున కలిపితే మరీను. పాడైన నాలుగైదు పట్టీలు పక్కకి జార్చి తీసేసి, అదే కొలత, అదే మందం ఉన్న కొత్త పట్టీలు ఎక్కించొచ్చు, మేస్త్రి స్ప్రింగు పని మీద వచ్చినప్పుడే చేసేస్తాడు. పట్టీల చివర్లలో ఒకటి విడిచి ఒకటికి చిన్న క్లిప్పులుంటాయి, పట్టీ పక్కకి జరగకుండా ఆపేవి అవే. మీవి ఊడి ఉంటే కొత్తవి కొట్టించండి. పట్టీ ఒక అంగుళం పక్కకి జరిగి చానల్‌లో రాసుకుంటే చాలు, షట్టర్ గరగరమంటూ బిగుసుకుంటుంది, మనమేమో స్ప్రింగు పోయిందనుకుంటాం.

వెల్డింగు ఏదైనా చేయిస్తే కారు, స్కూటీ బయటికి తీసి దూరంగా పెట్టించండి, పాత పేపర్లూ పెట్రోలు సీసాలూ ఉంటే అవి కూడా. ఒక బకెట్ నీళ్ళు, ఒక బకెట్ ఇసుక దగ్గర పెట్టుకోవడం చాదస్తం అనుకోకండి.

ఇప్పుడు మీ చేతి పనికి వద్దాం, అసలు షట్టర్ ఎక్కువ కాలం బతికేది దీని వల్లే. స్ప్రింగు పని పూర్తయ్యాక మొదలుపెట్టండి. రెండు పక్కల చానళ్ళలోకి టార్చి వేసి చూస్తే పదమూడేళ్ళ దుమ్ము, ఎవరో ఎప్పుడో పోసిన నల్ల ఆయిలు, ఈగలు, బల్లి గుడ్లు అన్నీ కలిసి ముద్దలా కనిపిస్తాయి. మన వైపు షట్టర్ బిగుసుకుంటే మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిలు తెచ్చి పోసేస్తారు. నాలుగు రోజులు జారుతుంది, ఆ తర్వాత రోడ్డు దుమ్మంతా దానికి పట్టి గంధంలా అరిగిన ముద్దవుతుంది, పట్టీల అంచుల్ని ఆకురాయిలా తినేస్తుంది. గ్రీజు దట్టంగా పూసినా అంతే. వైరు బ్రష్షుతో గీకి, గుడ్డకి కొంచెం కిరసనాయిలు గానీ డీజిలు గానీ తడిపి తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ గుడ్డలు మూలన పడేయకుండా బయట ఆరబెట్టి పారేయండి. ఆరాక మామూలు తెల్ల కొవ్వొత్తి తీసుకుని చానల్ లోపలి అంచుల మీద గట్టిగా రుద్దండి. మైనం దుమ్ముని పట్టుకోదు, పట్టీ హాయిగా జారుతుంది. దొరికితే సిలికాన్ స్ప్రే కొట్టొచ్చు. డబ్ల్యూడీ 40 అనే స్ప్రే అందరూ కొంటారు, అది తుప్పు వదిలించడానికీ తడి పోగొట్టడానికీ మంచిదే, కానీ ఎక్కువ కాలం నిలిచే నూనె పని చేయదు, దాన్ని కొట్టి తుడిచేశాక మైనం పట్టించండి. తాళం రంధ్రంలో మాత్రం నూనె కంటే పెన్సిలు గీకిన పొడి నయం.

నెలకోసారి షట్టర్ బయటి ముఖం, చానళ్ళ అడుగు మంచినీళ్ళతో కడిగి తుడవండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అవి వద్దు, దానికంటే కడగకపోవడమే మేలు. చానల్ అడుగున నీళ్ళు నిలవకుండా సిమెంటుతో చిన్న వాలు చేయిస్తే ఇంకా మంచిది, చానళ్ళు ముందుగా పోయేది అక్కడే.

ఈ పనులు చేసేటప్పుడు నిచ్చెన షట్టర్‌కి ఆనించొద్దు, గోడకే ఆనించాలి, కింద ఒక మనిషి ఉండాలి. పట్టీల మధ్య వేళ్ళు పెట్టి షట్టర్ లాగే అలవాటు అందరికీ ఉంటుంది, పట్టీలు వంగేటప్పుడు తెరుచుకున్న సందు తిన్నగా కాగానే కత్తెరలా మూసుకుంటుంది. అడుగున పిడి బిగించుకోండి, పైకి అందకపోతే కొక్కెం కర్ర వాడండి. అమ్మగారికి చెప్పండి, చీర కొంగు దోపుకుని, గాజులు తగలకుండా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం పడమటి ఎండ పడే షట్టర్ అయితే చెయ్యి కాలుతుంది కూడా, కాలిన చెయ్యి ఠక్కున వదిలేస్తుంది, అప్పుడూ పడేది పాదం మీదే.

మోటారు గురించి అడిగారు. ఇప్పుడే వద్దన్నది అందుకే, నీరసపడ్డ స్ప్రింగు మీద మోటారు పెడితే జబ్బు కనిపించకుండా పోతుందే గానీ తగ్గదు, మోటారు మూలుగుతూ లాగి లాగి ఒకరోజు కాలిపోతుంది. ముందు షట్టర్ చేత్తో తేలిగ్గా నడిచే స్థితికి రావాలి. ఆ తర్వాత మీ వయసుకి, నడుముకి మోటారు మంచిదే, నేను కాదనను. రెండు రకాలు ఎక్కువగా పెడుతున్నారు, ఒకటి స్ప్రింగులు అలాగే ఉంచి పైపు దగ్గరే అమర్చేది, ఇంకోటి స్ప్రింగులు తీసేసి పక్కన మోటారు పెట్టి గొలుసుతో తిప్పేది. రెండో రకంలో మొత్తం బరువుని గొలుసూ మోటారు బ్రేకూ మాత్రమే మోస్తాయి, అందుకని గొలుసు తెగినా షట్టర్ పడకుండా ఆపే బ్రేకు విడిగా ఉందా అని అడిగి, ఉంటేనే తీసుకోండి. కరెంటు పోతే చేత్తో ఎత్తుకునే గొలుసు ఉండాలి, గాలివాన రోజుల్లో మనకి రోజుల తరబడి కరెంటు ఉండదు కదా.

ఇక్కడ నేను పట్టుబట్టేది సెన్సారు దగ్గర. అమెరికాలో ఇళ్ళ గ్యారేజీ మోటార్లకి 1993 నుంచి చట్ట ప్రకారమే ఒక రక్షణ ఉండాలి, తలుపు దిగేటప్పుడు దేనికైనా తగిలితే వెనక్కి వెళ్ళాలి, దానికి తోడు నేల నుంచి ఆరంగుళాల లోపు ఎత్తులో కంటి లాంటి సెన్సార్లు రెండు పక్కలా ఉంటాయి, మధ్యలో పిల్లవాడు అడ్డొస్తే తలుపు ఆగి పైకి పోతుంది. పిల్లలు కింద నలిగి చనిపోయాకే ఆ చట్టం వచ్చింది. మన దగ్గర షట్టర్ మోటార్లు చాలావరకు ఈ సెన్సార్లు లేకుండానే బిగించేస్తున్నారు, కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. మీరు అడగండి. ఇవ్వలేమంటే రిమోటు మానేసి, నొక్కి పట్టుకున్నంత సేపే కదిలి, వేలు తీయగానే ఆగిపోయే స్విచ్చి పెట్టించండి, అది కూడా షట్టర్ కనపడే చోట, మనవడి చేతికి అందని ఎత్తులో. సెన్సారు ఉంటే ప్రతి నెలా ఒక అట్టపెట్టె అడ్డం పెట్టి పరీక్షించండి, ఎప్పుడూ మనిషితో కాదు.

మోటారు వైరింగుకి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, తప్పనిసరి. వానకి తడిసిన ఇనుప షట్టర్‌కి ఎక్కడో చర్మం ఊడిన వైరు తగిలితే చెయ్యి వేసినవాళ్ళ ప్రాణం పోతుంది. మోటారు లేని ఇంట్లో కూడా ఇది జరగొచ్చు, షట్టర్ పైన లైటుకి వెళ్ళే వైరు డబ్బా రేకుకి రాసుకుంటోందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇంకో జాగ్రత్త, తాళం వేసి ఉండగా రిమోటు నొక్కితే మోటారు లాగుతుంది, తాళం ఆపుతుంది, మధ్యలో పట్టీలు నలిగిపోతాయి. కాబట్టి మోటారు పెట్టాక పాత కింది తాళాలు తీయించేయండి, లేదా తాళం వేస్తే మోటారుకి కరెంటు వెళ్ళకుండా స్విచ్చి పెట్టించండి.

మనవడు వచ్చే లోపు ఇవన్నీ అవుతాయి, కంగారు పడకండి. వచ్చాక వాడికి ఒక్క మాట నేర్పండి, షట్టర్ కదులుతుంటే గడప బయట ఆ గీత దగ్గర నిలబడాలని. నేల మీద పసుప్పచ్చ రంగుతో ఆ గీత వాడి చేతే గీయించండి, ఐదేళ్ళ పిల్లలు తాము గీసిన గీతని భలే కాపాడుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా దిగుతున్న షట్టర్ కింద నుంచి వంగి దూరడం మానేయాలి, పిల్లలు దాన్ని చూసే నేర్చుకుంటారు. షట్టర్ మూసి ఉంచి లోపల కారు ఇంజను ఆన్ చేయడం, కరెంటు లేదని జనరేటరు లోపల పెట్టి నడపడం కూడా ఎప్పుడూ చేయొద్దు, ఆ పొగలో వాసన రంగు లేని విషవాయువు ఉంటుంది, అది మనిషికి తెలియకుండానే నిద్రపుచ్చి చంపేస్తుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు గాలి ఎలా కొట్టిందో మీకే తెలుసు. అలాంటి రోజుల్లో షట్టర్ పూర్తిగా దించి రెండు పక్కలా గడియలు వేసేయండి, సగం తెరిచి ఉంచితే గాలి లోపలికి దూరి పట్టీల్ని చానల్ నుంచి పెరికేస్తుంది. గాలి కొడుతుండగా కారు తెద్దామని ఎత్తొద్దు. తుపాను వెళ్ళాక ఎత్తే ముందు చానళ్ళలో ఇసుక, కొమ్మలు చిక్కుకున్నాయేమో చూసి తీసేసి అప్పుడు ఎత్తండి.

చివరికి రంగు. పట్టీలు మార్చాక, రంగు పని ఎండాకాలంలోనే చేయించండి, కార్తీకంలో వానల మధ్య వేస్తే తడి కింద ఉండిపోయి ఆరు నెలల్లో బుడగలొస్తాయి. తుప్పుని వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో లోహం కనిపించే దాకా గీకి, మంచినీళ్ళతో ఉప్పు కడిగి, ఎండనిచ్చి, ఆ పూటే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయాలి, రాత్రి వదిలేస్తే ఉప్పు గాలికి తెల్లారేసరికి మళ్ళీ పల్చటి తుప్పు పడుతుంది. కొత్తగా వేసే పట్టీలు జింకు పూత ఉన్న రేకువైతే వాటి మీద రెడ్ ఆక్సైడ్ సరిగ్గా పట్టదు, జింకుకి వేసే ప్రైమరు విడిగా అడిగి తెప్పించండి. పైన ఎనామిల్ రెండు పల్చటి కోట్లు. దట్టంగా పూస్తే పట్టీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, బరువు కూడా పెరుగుతుంది. ప్రతి కోటూ చేతికి అంటని స్థితికి వచ్చాక, గట్టిపడే లోపు, షట్టర్‌ని ఒకటి రెండు సార్లు మెల్లగా పైకీ కిందికీ నడపండి, పట్టీల మధ్య కీళ్ళు విడివిడిగా ఉంటాయి. చానళ్ళ లోపల మాత్రం రంగు వేయనీయకండి, అక్కడ మీ కొవ్వొత్తి చాలు.